ప్రిన్సీ నాయనా!

ఛాంపియన్ రీఫ్స్, కె.జి.ఎఫ్.
మంగళవారం

చెప్పకుండా బస్సెక్కి వెళ్ళిపోయిన మా అమ్మకు,

ఫోను చేస్తే కామసముద్రంలో పెద్దమ్మ ఎత్తి, "మీయమ్మ చేన్లో ఉండాది" అంటుంది. మళ్ళీ చేస్తే, "నిద్రపోతా ఉండాది" అంటుంది. పగటిపూట నువ్వు నిద్రపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అందుకే కాగితం తీసుకున్నాను. ఉత్తరం చేతికొస్తే చదవకుండా ఉండలేవని నాకు తెలుసు. పకోడీ పొట్లం కట్టిన పేపరు కూడా నువ్వు విప్పి చదివే మనిషివి.

ఆదివారం మన ఇంట్లో ఏం తప్పు జరిగిందో నాకింకా అర్థం కాలేదు. మహనాజ్ సినిమా పంపిందని, చర్చిలో ఆరాధన అయ్యాక మన గని ఇళ్ళ లైన్లో వాళ్ళందరినీ పిలిచి టీవీలో పెట్టాను. బెంగళూరులో చదువుకునే రోజుల్లో ఆ ఇరాన్ పిల్ల మన గనుల మట్టి పోసిన సయనైడ్ దిబ్బలు చూసి, అచ్చం మా దేశంలో ఎడారిలాగే ఉన్నాయని మనసులో పెట్టుకుందట. తర్వాత కెమెరాలతో దిగింది. గని ప్రమాదంలో చిక్కుకున్న యూసుఫ్ అనేవాడి భార్య వేషం, వద్దు వద్దంటున్నా, నీకే ఇచ్చింది. టీవీలో నువ్వు తలమీద కొంగుతో కనబడగానే పిల్లలు ఈలలు వేశారు. నువ్వు కూడా నవ్వావు.

మాటలన్నీ ఫార్సీలో ఉంటాయనీ, నీకు ఎవరో పెద్దావిడ గొంతు ఇస్తుందనీ మహనాజ్ ముందే చెప్పింది. నువ్వు సరేనన్నావు. సినిమా సగం దాకా బాగానే చూశావు. గనిలోకి దిగే షాఫ్టు దగ్గర గేటు పట్టుకుని నువ్వు నోరు తెరవగానే ఆ పెద్దావిడ గొంతు "యూసుఫ్!" అని అరిచింది. అంతే, నువ్వు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయావు. పక్కింటి మునివెంకటమ్మత్త వెనకాలే వచ్చి, "ఏమ్మా ప్రిన్సీ వాళ్ళమ్మా, ఏమైంది? బిర్యానీ చేసిపెట్టి నువ్వు తినకపోతే ఎట్లా?" అన్నా నువ్వు గిన్నెలు తోముతూనే ఉన్నావు. తెల్లారి చూస్తే సంచీ లేదు, నువ్వూ లేవు.

ఇప్పుడు అసలు కబురు. తెహ్రాన్‌లో జరిగే వాళ్ళ జాతీయ సినిమా పండుగకు ఆ సినిమా ఎంపికైంది. సహాయ నటి బహుమతికి పోటీలో ఉన్నవాళ్ళ పేర్లలో ఒకటి ఎస్తర్ అట. నువ్వేనమ్మా! టిక్కెట్టు వాళ్ళే పంపుతారు. నీకు పాస్‌పోర్టు తీయించే పని నాది.

ఎందుకింత ఆరాటం అంటావేమో, చెప్తాను. మన లైన్లో నిన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరు లేరు. కుళాయి దగ్గర, మార్కెట్లో, చర్చిలో, ఎక్కడైనా నువ్వు ప్రిన్సీ వాళ్ళమ్మవే. వేదిక మీద, మైకులో, ఇంతమంది ముందు ఎస్తరమ్మ అని ఒక్కసారి పిలిస్తే వినాలని నాకు ఆశ. సినిమా పెళ్ళాం సినిమా మొగుణ్ణి పిలిస్తే నీకెందుకమ్మా అంత కోపం? అలక చాలు, ఇంటికి రా.

నీ మొండి కూతురు,
ప్రిన్సీ


కామసముద్రం
శుక్రవారం

ప్రభువు చల్లని నీడలో ఉండాలని నేను రోజూ ప్రార్థించే నా బిడ్డ ప్రిన్సీకి,

నీ ఉత్తరం అందింది. పెద్దమ్మ చేత అబద్ధాలు చెప్పించింది నేనే, ఆమెను ఏమీ అనవద్దు. నీతో ఫోనులో మాట్లాడితే నువ్వు గెలుస్తావు. అందుకని నేనూ రాస్తున్నాను.

నా గొంతు తీసేశారని నాకు కోపం లేదు. నాకు ఫార్సీ రాదు, ఆమెకు వచ్చు, ఆమె మాట్లాడింది. నా కోపం ఆ ఒక్క పిలుపు గురించే.

మీ నాయన ఉన్నన్నాళ్ళూ ఆయన పేరు నా నోట రాలేదు. మా అమ్మా అంతే, మా అవ్వా అంతే. మన చర్చి పాస్టరుగారు, "దేవుని పేరు వస్తాది గానీ మొగుని పేరు రాదా అమ్మా నీకు?" అని ఎగతాళి చేసేవారు. రాలేదు, ఏం చేయను? పెళ్ళైన కొత్తలో "ఇదిగో" అనేదాన్ని. నువ్వు పుట్టాక "ప్రిన్సీ నాయనా" అన్నాను. ఆయన నన్ను "ప్రిన్సీ వాళ్ళమ్మా" అని పిలిచేవాడు. లైన్లో వాళ్ళందరూ ఆయన నోట విని నేర్చుకున్నదే ఆ పిలుపు. నువ్వు దాన్ని తక్కువ చేసి రాశావు. అది నాకు మీ నాయన పెట్టిన పేరు.

మీ నాయన పనికి దిగిన గని లోపల బండ పగిలిన రోజు, భూమి అదిరి ఇంట్లో గిన్నెలన్నీ కిందపడ్డాయి. నీకప్పుడు మూడేళ్ళు. నిన్ను మునివెంకటమ్మ చంకకిచ్చి షాఫ్టు దగ్గరికి పరుగెత్తాను. గేటు ముందు ఆడవాళ్ళందరూ ఏడుస్తున్నారు. హాజరు రాసే టైమాఫీసు ఆయన బయటికొచ్చి, "నీ మొగుని పేరేందమ్మా, బిరీన చెప్పు" అన్నాడు. నేను "ప్రిన్సీ నాయన" అన్నాను. "ఇంగ ఆ పేరుతో ఎవురుండార్రా ఈడ!" అని ఆయన తల పట్టుకున్నాడు. వెనక నిలబడిన ఎవరో అమృతరాజు అని చెప్పారు. అప్పటికే మీ నాయన లేడు. నేను పేరు చెప్పినా, చెప్పకపోయినా ఆయన తిరిగొచ్చేవాడు కాదు. ఆ బాధ నాకు లేదు. కానీ ఆ గేటు పట్టుకుని గొంతు పోయేదాకా పిలిచాను. ఇంట్లో ఒక్కసారి పిలిస్తే పలికే మనిషి, ఆ రోజు పలకలేదు.

మహనాజ్ అదే షాఫ్టు దగ్గర నన్ను నిలబెట్టి యూసుఫ్ అని పిలవమంది. సినిమా మొగుడైనా మొగుడే కదా, పేరెట్లా తీస్తాను? నువ్వు నవ్వితే నవ్వుకో. ఎన్నిసార్లు కెమెరా తిప్పినా నా నోరు పెగల్లేదు. పాపం ఆ పిల్ల విసిగిపోయి, నీకెట్లా వస్తే అట్లా పిలువమ్మా అంది. నేను "ప్రిన్సీ నాయనా!" అన్నాను. అది నటన కాదు. ఆ గేటు చల్లదనం చేతికి తగలగానే నాకు యూసుఫ్ లేడు, సినిమా లేదు.

ఇప్పుడు నా ముఖం పెట్టి, నా నోట పరాయి మగవాడి పేరు చెప్పించారు. మీ నాయన కోసం పిలిచిన పిలుపు తీసేసి నాకు బహుమతి ఇస్తారంట. నాకొద్దు. నా పిలుపైనా పెట్టమను, లేదంటే ఆ చోట నా ముఖం తీసేయమను. పండుగకు నేను రాను.

వేళకు తిను. పనికి పోయేటప్పుడు రైలులో తలుపు దగ్గర నిలబడొద్దు.

ప్రిన్సీ వాళ్ళమ్మ


తెహ్రాన్
గురువారం

ప్రిన్సీ వాళ్ళమ్మకు,

ఇంక నిన్ను వేరే రకంగా పిలవను. ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. నేరుగా కామసముద్రం తెచ్చి నీ చేతిలో పెడతాను. నువ్వు చదువుతున్నంతసేపూ నేను పెద్దమ్మ దగ్గర కూర్చుంటాను, ఎందుకంటే ఇవి నీ ఎదుట నోటితో చెప్పలేను.

నీ ఉత్తరం మొత్తం మహనాజ్‌కు ఫోనులో ఇంగ్లీషు చేసి చెప్పాను. ఆమె అంతా కాగితం మీద రాసుకుంది. మర్నాడు నీకు గొంతు ఇచ్చిన పెద్దావిడను వెంటబెట్టుకుని మళ్ళీ ఫోను చేసింది. ఆవిడ వాళ్ళ నానమ్మ కూడా మొగుణ్ణి పేరుతో పిలిచేది కాదట, పెద్దకొడుకు పేరు చెప్పి వాడి నాన్న అనేదట. "ఎస్తర్ ఏమని పిలిచిందో ముందే నాకు చెప్పి ఉంటే ఆ చోట నేను నోరు తెరిచేదాన్నే కాదు, నా గొంతు తీసేయండి" అని ఆవిడ మహనాజ్ మీద కేకలేసింది.

అక్కడే చిక్కు వచ్చింది. ఆ పోటీలో నటులకు బహుమతి ఇవ్వాలంటే వేషం మొత్తం ఫార్సీలోనే పలకాలట. నీ పిలుపు తెలుగులో పెడితే సినిమా పండుగలో ఉంటుంది, నీ పేరు మాత్రం పోటీలో ఉండదు. ఇంకొకరి గొంతుతో పలికితే నటివి, సొంత గొంతుతో పిలిస్తే కావు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం చేయమంటావో నువ్వే చెప్పు అంది మహనాజ్. అమ్మా, నిజం చెప్తున్నాను, నాకు ఏడుపొచ్చింది. మైకులో నీ పేరు వినాలని నేనెంత ఆశపడ్డానో నీకు తెలుసు. అయినా నీ పిలుపే పెట్టమన్నాను. నీ పేరు తీసేశారు, నీకు పంపాల్సిన టిక్కెట్టు మహనాజ్ నాకు పంపింది. నిన్ను అడగకుండా చేశాను, తిట్టాలనుకుంటే తిట్టు.

బహుమతి వేరే ఆమెకు వచ్చింది. బాగా చేసింది, నేనూ చప్పట్లు కొట్టాను.

మన సినిమా బహుమతులు ఇవ్వడానికి ముందురోజు వేశారు. తలకు గుడ్డ కట్టుకుని మహనాజ్ పక్కన కూర్చున్నాను. అంతా ఫార్సీయే, నాకు ఒక్క ముక్క తెలియదు. నీ ముఖం చూస్తూ కూర్చున్నాను. సినిమా షాఫ్టు దగ్గరికి వచ్చింది. నువ్వు గేటు పట్టుకున్నావు. అంతవరకూ వినిపించిన ఆ పెద్దావిడ గొంతు ఆగిపోయింది. "ప్రిన్సీ నాయనా!" అని నీ గొంతు వచ్చింది. అంత పెద్ద హాల్లో నీ గొంతు తప్ప ఇంకేమీ వినబడలేదు.

అక్కడున్న వాళ్ళందరికీ భార్య మొగుణ్ణి పిలుస్తోందని తెలిసింది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం ముందుగా నా పేరే వినబడిందమ్మా. మూడేళ్ళప్పుడు మునివెంకటమ్మత్త చంకలో ఉండి నేను వినలేకపోయిన పిలుపు అది. ఎంత పిలిచినా ఆయన పలకలేదని రాశావు కదా. నాకు తెలియకుండానే లేచి నిలబడి, "ఏమ్మా!" అని గట్టిగా పలికాను. హాలంతా వెనక్కి తిరిగి చూసింది.

నీ
ప్రిన్సీ