వదిన అడిగిన మాట

దేవయ్యన్నా,

నువ్వు పక్షవాతంతో పోయి నేటికి రెండేళ్లు. మన మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. వదినకూ నీలాగే షక్కర్ బీమారి, అదే చక్కెర జబ్బు, వచ్చింది.

నిన్న ఆమెను బీదర్ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ గోలీలు రాయగానే వదిన అడిగింది: "ఇవి తింటె తల నరాలు కరాబైతయంటరు. నిజమేనామ్మా?"

నేను తల వంచుకున్నాను. ఆ మాట చెప్పి నీ చేత గోలీలు మాన్పించింది నేనే కదా.

"షక్కర్ పెరిగితెనే మెదడుల సన్న నెత్తురు నరాలు కరాబైతయి. గోలీలు షక్కర్‌ను కాబూల, అదుపుల ఉంచుతయి. పక్షవాతం రానే రాదని చెప్పలేను గాని, ముప్పు తగ్గొచ్చు. తినకుండ మాత్రం వేస్కోకు, కండ్లు తిరుగుతయి" అన్నది డాక్టరమ్మ.

బయటికి వచ్చాక వదినకు అంతా చెప్పేశాను.

"నువ్వు తెల్వక చెప్తివి, శాంతయ్యా. ఆయన తెల్వక ఇన్నడు. పా, ఆకలైతాంది" అన్నది.

ఈ ఉదయం జొన్నరొట్టె తిని గోలీ వేసుకుంది. ముఖం తేటగా ఉంది.

నేను అదే మాట చెప్పి గోలీలు మాన్పించినవాళ్లు మన ఊరు కమఠాణలో ఇంకో ఇద్దరున్నారు. ఉత్తరం ముగించి వాళ్ల ఇళ్లకు బయల్దేరుతున్నాను. వదిన కూడా వస్తానంటోంది.

నీ తమ్ముడు
శాంతయ్య