పొద్దు గుంకే వైపు

మే 14
డిగ్రీ అయిపోయింది. రాజాం కాలేజీ శైలజ మేడమ్ రెండు కోర్సుల పేర్లు రాసిచ్చారు. ఢిల్లీలో ఇంటర్నేషనల్ సెక్యూరిటీ. గుజరాత్ తీరంలో మారిటైమ్ సెక్యూరిటీ. ఊరి పేరు చూసి కాదు, సిలబస్ చూసి ఎంచుకోమన్నారు. రెండింటికీ అప్లై చేశాను.

అమ్మకి ఢిల్లీ సంగతే చెప్పాను. ఒసే రేఖా, రాజాంలో బి.ఇడి. సేసి సక్కగా టీచరవ్వక ఈ సెక్యూరిటీ ఏటే, గేటు కాడ నిలబడతావా అంది. నవ్వొచ్చింది.

మే 15
గుజరాత్ సంగతీ చెప్పేశాను. కంచం తోసేసింది. మీ అయ్యని మింగింది సాలదా, ఆ పేరు నా కాడ ఎత్తకు అంది.

మా భావనపాడులో చేపల వేట సాగక నాన్న గుజరాత్ వెళ్ళి అక్కడి బోటెక్కాడు. మొదటి సీజనే. బోటు పాకిస్తాన్ జలాల్లోకి వెళ్ళింది. మూడేళ్ళుగా అక్కడి జైల్లో ఉన్నాడు. చేపల ఆశకి హద్దు దాటాడని అమ్మకి ఇప్పటికీ కోపం.

జూన్ 8
నాన్న గొంతు గుర్తు చేసుకుందామంటే దగ్గు మాత్రమే గుర్తొస్తోంది.

జూన్ 21
గిరిబాబు మావ అమ్మకి తమ్ముడు. అదే బోటులో పట్టుబడ్డాడు. జబ్బు చేసిందని పోయినేడాది వదిలేశారు. కోర్సు ఇంటర్వ్యూలో అడుగుతారు మావా, అసలేం జరిగిందో చెప్పు అన్నాను. వల బాగుచేస్తున్నవాడు ఆపేశాడు.

బోటు డ్రైవర్‌కి జ్వరమట. జీపీఎస్ చచ్చిపోయిందట. సుక్కాని సోములు బావకిచ్చాం, పొద్దు గుంకే వైపు పోనిచ్చేసాడు అన్నాడు. మన ఊరి సముద్రంలో ఒడ్డు అటే. ముప్పై ఏళ్ళు నాన్న అటే చూసుకుని ఇంటికొచ్చాడు. గుజరాత్‌లో ఒడ్డు పొద్దు పొడిచే వైపు, పొద్దు గుంకే వైపు పాకిస్తాన్. నిద్రల్లేక సచ్చిపోతన్నాం, ఎవడికీ తోచనేదు అన్నాడు. అక్కకి సెప్పకు, బావని తెలివితక్కువోడు అనుకుంటాది అన్నాడు. చెప్పనని మాటిచ్చాను.

జూలై 1
ఏటా రెండుసార్లు రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఈరోజు ఇచ్చుకున్నాయి. పేపర్లో సంఖ్య వేశారు. పేర్లు వేయరు. ఆ సంఖ్యలో నాన్న ఉన్నాడో లేడో ఎవర్ని అడగాలి?

ఆ కాగితం చేతులు మారే గదిలో నేనుండాలి. పేర్లు పైకి చదవాలి. సోములు అని చదవాలి. నాకింకేమీ వద్దు.

జూలై 6
రెండు సీట్లూ వచ్చాయి. ఉద్యోగాలకి ఢిల్లీయే మంచిదని మేడమ్ అన్నారు. గుజరాత్ సిలబస్‌లో మూడో సెమిస్టర్‌కి ఒక పేపరుంది, హద్దు దాటిన మత్స్యకారుల కేసులు. ఆ లైను ఎన్నిసార్లు చదివానో. పదో తేదీలోగా చెప్పాలి.

జూలై 9
మావకిచ్చిన మాట తప్పాను. చేపల కోసం కాదమ్మా, పొద్దు చూసుకుని పోనిచ్చాడు అని మొత్తం చెప్పేశాను.

అమ్మ నా వైపు తిరిగింది. అయితే మీ అయ్య ఇంటికే బయల్దేరాడేటే అంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఈ మూడేళ్ళలో ఆమె ఏడవగా చూడలేదు.

జూలై 10
పొద్దున్నే తనే అంది. గుజరాతే ఎల్లు. రోజూ దీపం పెట్టే యేలకి ఫోను సెయ్యి.

సెప్టెంబర్ 21, సాయంత్రం 6.10
హాస్టల్ వెనక బీచ్. అమ్మ దీపం పెట్టేసిందట. ఇక్కడ ఇంకా పొద్దుంది. మాట్లాడినంతసేపూ ఇల్లు అటే ఉందనుకుని పొద్దు వైపు తిరిగి నిలబడ్డాను. ఫోన్ పెట్టాక తెలిసింది, ఇల్లు నా వెనక ఉంది.

పొద్దు గుంకే వైపు ఉన్నది నాన్న.

వెనక్కి తిరగలేదు.