చిత్తూరులో హారిక పరుగు

ఏమండీ,

ఆపరేషన్ అయిన మోకాలితో మన మనవరాలు హారిక ఇక పరుగెత్తలేదని మీరన్నది తప్పు. ఈ వారం తిరుపతిలోని వాళ్ళ రన్నింగ్ క్లబ్బు వాళ్ళు తలో ఊరి పందేనికి వెళ్ళారు. శనివారం రేణిగుంటలో ఇద్దరికి పతకాలు వచ్చాయి. ఆదివారం హారిక చిత్తూరులో ఐదు కిలోమీటర్లు పరుగెత్తింది.

నేను ముగింపు గీత దగ్గర నిలబడ్డాను. పందెంలో తోటివాళ్ళంతా వచ్చేసినా అది రాలేదు. మోకాలు పట్టేసిందేమోనని దారిలోకి నాలుగడుగులు వేసి చూశాను. చివరికి నవ్వుతూ వచ్చింది.

"మోకాలు బాగుండాదవ్వా. దారిలో అమ్మవారి గుడి కనబడితే బూట్లు విప్పి మొక్కినాను."

"నువ్వు లేసులు కట్టుకునేలోపల ఆ తల్లే ముందొచ్చేసుంటాది గదే," అన్నాను. అని, కూర్చోవడానికి కుర్చీ వెతుక్కున్నాను.

అక్కడ పైన మీ అమ్మ కనిపిస్తే మునిమనవరాలి మోకాలు నయమైందని చెప్పండి. గట్టిగా చెప్పండి. అక్కడికి వెళ్ళినంత మాత్రాన ఆమె చెవుడు తగ్గి ఉండదు.