కోటకి మాత్రం వద్దక్కా

అక్కా,

సెలవులకి ఆ పాత కోటకే వెళ్దామని, పిల్లలకి నాలుగు చరిత్ర ముక్కలు తెలుస్తాయని నువ్వంటే సరేనన్నాను. పొద్దున అక్కడి గైడుకి ఫోన్ చేశాను. "ఎంతమంది వస్తున్నారమ్మా?" అన్నాడు.

అది మా ఆయన గొంతు. ఆ పనిలో ఎప్పుడు చేరాడో తెలియదు. పలకకుండా పెట్టేశాను.

నేను స్నానానికి వెళ్లినప్పుడు ఆయనే మళ్లీ ఫోన్ చేశాడు. మా పిల్ల ఎత్తింది.

"కోట అంకుల్ ఎంత మంచోడో అమ్మా! రాణిగారి కథ చెప్పాడు. మన ఇల్లెక్కడా అంటే చెప్పేశా" అంది.

దానికి నాన్న గొంతు తెలియదు కదా. కసరలేకపోయాను.

అప్పట్నుంచి మెట్ల మీద ఎవరు నడిచినా లేచి తలుపు గడియ చూసుకుంటున్నాను. నేనెందుకు ఆయన్ని వదిలి వచ్చేశానో నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. బావ పరువంటాడని జంకాను. వచ్చాక నా వీపు చూద్దువుగాని.

ఫోన్ ఆపేశాను. అందుకే మీ వీధి బడిలో పనిచేసే పక్కింటి టీచరమ్మ చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. చీకటి పడకముందే పిల్లను తీసుకుని మీ ఇంటికి వచ్చేస్తాను. బావకి ఏం చెబుతావో నీ ఇష్టం. తలుపు మాత్రం తియ్యక్కా.

నీ చెల్లి