ఆళ్లగడ్డ రోడ్డు మీద ప్రాక్టీసు

ప్రిన్సిపాల్ గారూ,

జ్యోత్స్న కాలు విరగ్గొట్టింది మీరే. నంద్యాల కాలేజీ గ్రౌండును పెళ్లిళ్లకు అద్దెకిచ్చి, మా రన్నర్ల ముఖాన తాళం వేశారు. ఒకప్పుడు అదే గ్రౌండులో పరుగెత్తి కోచ్‌నైన నేను, దారిలేక పిల్లల్ని ఆళ్లగడ్డ రోడ్డెక్కించాను. కుడి అంచున కంకర ఉందని ఎడమ పక్కన, బండ్లకు వీపు పెట్టించి మరీ పరుగెత్తించాను.

"సార్, ఎనక బండ్లు వస్తాండాయి," అనింది జ్యోత్స్న.

"నువ్వు పరుగు చూడమ్మా, బండ్లు నేను చూస్తా," అన్నాను.

ఆటో గుద్దినప్పుడు నేను చూస్తున్నది స్టాప్‌వాచీ.

ఆసుపత్రిలో ఆ పిల్ల "మీ తప్పేం లేదు సార్" అంటుంటే తలెత్తలేకపోయాను. ఇక పరుగెత్తలేదని ఇప్పుడామె స్పోర్ట్స్ కోటా హాస్టల్ సీటు కూడా పీకేస్తారా? ఏం న్యాయమండీ ఇది?

నేనడిగేవి ఇవి:

జ్యోత్స్న సీటు ముట్టుకోకండి.

గ్రౌండు తాళం తీయండి.

విచారణ వేయించండి. ముందు నా మీద, తర్వాత మీ మీద.