మూతి కుట్టిన చేప

సునీత బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే నీ కూతురు హిమాయత్‌సాగర్‌లో వాలుగ కోసం వెళ్తానంది, నీలాగే తెప్ప వెనక ఎర ఈడ్చుకుంటూ. పెద్ద ఎరకు పెద్ద వాలుగే తగులుతుంది. అట్లాంటిది గుంజితేనే కదా నీ తెప్ప బోల్తా పడింది. అందుకే ఎరకు వేలెడంత పరిగె చేపలే ఏరి ఉప్పు పట్టించాను.

సునీత చూసి నవ్వింది.

"గివేందమ్మా? బాపు గింత చిన్నయి పెడ్తుండెనా?" అంటూ తన డబ్బా తెరిచింది. లోపల జానెడు చేప, ఉప్పులో గట్టిపడి ఉంది. ఈడ్చేటప్పుడు నీళ్లు మింగి పొట్ట పగలకుండా దాని మూతి కుట్టింది. చివర జంట ముడి అచ్చం నీదే. ఎప్పుడు నేర్పావు?

"జర ఆగు బిడ్డా" అని ఆ చేపను దారానికి కట్టి, నువ్వు చేసినట్టే తొట్టి నీళ్లలో లాగి చూశాను. గిరగిరా తిరిగితే, ఎర బాగాలేదని చెప్పి బిడ్డను ఆపేద్దామనుకున్నాను.

చేప తిన్నగా ఈదింది.

నేనే దాన్ని గాలానికి గుచ్చి ఇచ్చాను. గట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. బిడ్డ తెప్ప ఇంకా కనబడుతూనే ఉంది. విమానాలు దిగే వైపు నుంచి గాలి లేస్తోంది.