నవాబుగారి వంటిల్లు

24 ఆగస్టు, ఆదివారం

నా ఉప్పునీళ్ల చేపల ట్యాంకు లెక్కలకు వేరే చార్టు ఉంది. ఈ డైరీ అందుకు కాదు. ఇవాళ ఇంట్లో ఎవరేమన్నారో తేదీ వేసి పెట్టుకోవడానికి. రేపు అందరూ మాట మారుస్తారు.

నా పుట్టినరోజని మా అబ్బాయి శౌభిక్ గాలిఫ్ స్ట్రీట్ పెంపుడు చేపల సంత నుంచి మాండరిన్ చేపను తెచ్చాడు. నీలం ఒంటి మీద నారింజ రంగు మెలికలు, రెక్కలకు జరీ అంచు. అప్పుడే నవాబు అని పేరు కూడా పెట్టేశారు. ఏం తింటాడో అడిగావా అన్నాను. చేప కదా మా, చేపల మేత తింటుంది అన్నాడు. తినదు. సముద్రంలో రాళ్ల మీద పాకే, కంటికి ఆనీ ఆనని పురుగులుంటాయి, కోపెపాడ్లు. రోజంతా వాటినే ఏరుకు తింటుంది. నా ట్యాంకులో అవి లేవు.

అమ్మినవాడికి ఫోన్ చేశాను. ఇది ఎవరింట్లోనూ బతకదు మాసీమా, మనసులో పెట్టుకోకండి, పోయాక ఇంకోటి ఇస్తాను అన్నాడు. శౌభిక్ కూడా, పోతే పోనీ మా అన్నాడు. కోడలు పౌలమి అవునని తలూపింది. అదీ రాస్తున్నాను.

ఈ చేప చావదు.

27 ఆగస్టు

రొయ్య తురుము వేశాను. దగ్గరికొచ్చి చూసి మొహం తిప్పుకున్నాడు. పొట్ట లోపలికి పోతోంది.

30 ఆగస్టు, శనివారం

పురుగులు తెచ్చి వేస్తే ఒక్క పూటలో మింగేస్తాడు. వాడి నోరు అందని చోట అవి పిల్లలు పెట్టుకోవాలి, ఆ పిల్లలే కొన్ని కొన్ని నీళ్లతో పాటు వాడి దగ్గరికి వెళ్లాలి. ఆ చోటునే రెఫ్యూజియం అంటారు. ఇంట్లో మాత్రం నవాబుగారి వంటిల్లు అంటున్నారు.

పెద్ద ట్యాంకు కింది అరలో ఇంకో గాజు తొట్టి ఉంది, సంప్. పైనుంచి నీళ్లు అందులోకి దిగి, శుభ్రపడి, మోటారుతో మళ్లీ పైకి వెళ్తాయి. దాని మధ్యలో అడ్డుపలకలు అతికించి ఒక గది చేశాం. ఇసుక, రాళ్లు, పైన లైటు. అక్కడ నీళ్లు నింపాదిగా నడవాలి.

శౌభిక్ సంప్ అంచు దాకా నింపుదామన్నాడు, సగం ఖాళీగా ఉంటే దరిద్రంగా ఉందట. కరెంటు పోతే పైనుంచి దిగే నీళ్లు నీ నెత్తిన పోసుకుంటావా అన్నాను. మోటారు ఆపి చూపించాను. నీళ్లు దిగాయి, దిగాయి, అంచుకు రెండు వేళ్ల కింద ఆగాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పరవాలేదు. మోటారు నడిచేటప్పుడు ఉండే మట్టం దగ్గర, అంతకు మించి నింపకుండా గీత గీశాను.

31 ఆగస్టు

సంతలో కీటో నాచు దొరికింది. పచ్చటి దారపు చిక్కులా ఉంటుంది. పురుగులు అందులోనే కాపురం ఉంటాయి. సంచీ వంటగదిలో పెట్టి చీర మార్చుకుని వచ్చేసరికి పౌలమి దాన్ని కుళాయి కింద కడిగి, జల్లెడలో ఆరబెట్టింది. ఎర్ర తోటకూరకు చేసినట్టే, మూడు నీళ్లు.

మంచినీళ్లు తగిలితే ఆ పురుగుల్లో ఒక్కటీ మిగలదు. గట్టిగానే అరిచాను. పౌలమి జల్లెడ పట్టుకునే నిలబడి, ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజు మీరే కదా చెప్పారు మా, కడగని ఆకు గడప దాటకూడదని, సముద్రపు ఆకుకు వేరే రూలుందని ఎప్పుడు చెప్పారు అంది.

చెప్పలేదు.

3 సెప్టెంబర్

భూతద్దం పెట్టి గాజంతా వెతికాను. ఏమీ కదలడం లేదు. నవాబు వెన్ను కత్తి అంచులా తేలింది.

4 సెప్టెంబర్

బెహాలాలో ఐంద్రిలా అనే పళ్ల డాక్టరు ఉంది. కెమిస్ట్రీలో నా స్టూడెంటు, ఇప్పుడు నాకంటే పెద్ద ట్యాంకు ఆమెది. జరిగింది చెప్పాను. నవ్వాపుకోలేక, మిస్, ఈసారి ప్రాక్టికల్స్‌లో మిమ్మల్ని నేను ఫెయిల్ చేయొచ్చా అంది. చెయ్యి, ముందు నాచు ఇయ్యి అన్నాను.

నేను బయల్దేరుతుంటే పౌలమి నా చేతిలో బకెట్టు లాక్కుంది. తనే వెళ్లి, నాచునూ సీసాడు పురుగులనూ ఐంద్రిలా ట్యాంకు నీళ్లలోనే ముంచి, ఒళ్లో పెట్టుకుని టాక్సీలో తెచ్చింది. డ్రైవరు ఏం చేప బౌదీ, కోయి చేపా, మాగుర్ చేపా అని అడిగాడట. చేప కాదు, చేపకు భోజనం అందట.

పురుగులన్నిటినీ కింది గదిలోనే వదిలాం. పైకి ఒక్క గరిటెడు. నవాబు బతకడానికి.

9 సెప్టెంబర్

పై లైటు ఆరాక కింది లైటు వెలగాలి. రాత్రంతా నాచు పెరుగుతుంది, నీళ్ల పీహెచ్ పడిపోదు. చిన్నప్పుడు బాత్రూం బల్బు ఆర్పలేదని నాకు రాత్రి భోజనం మాన్పించావు గుర్తుందా అన్నాడు శౌభిక్. నువ్వు నాచువైతే మాన్పించేదాన్ని కాదు అన్నాను.

14 సెప్టెంబర్

గాజు మీద గసగసాలు నడుస్తున్నాయి!

నా వంటగదిలో చీమ కనబడితే ఆ పూట ఎవరికీ మంచి మాట దక్కేది కాదు. అలాంటి నేను పురుగుల్ని చూడమని ఇంటిల్లిపాదినీ కేకేశాను. పౌలమి అలవాటుగా గుడ్డ తీసుకుని వచ్చింది. అరచేతితో అడ్డుకున్నాను. ఇద్దరం చాలాసేపు కింద కూర్చుని నవ్వాం.

21 సెప్టెంబర్, మహాలయ

రేడియోలో వచ్చే చండీ పాఠం కోసం అందరం చీకటితో లేచాం. పై లైటు వేశాను. నవాబు వెనకవైపు గాజు మీది పురుగును నోటితో ఒక పోటు పొడిచాడు. ఆగి, ఇంకోటి. రాయి మీద ఇంకోటి. పొట్ట గుండ్రంగా ఉంది. రేడియో సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఆగస్టు 24 పేజీ అందరికీ చదివి వినిపించాను. శౌభిక్ నేనలా అనలేదన్నాడు. అందుకే రాశాను.

28 సెప్టెంబర్, షష్ఠి

ఇక జరగవలసినవి:

1. దుర్గాపూజకొచ్చే చుట్టాలెవరూ గాజు తుడవకూడదు.
2. నాచు గది నిండింది. సగం కోసి, ఉప్పునీళ్లలోనే, సంతలో చేప అమ్మినవాడికి ఇవ్వాలి. ఎలా వాడాలో కూడా చెప్పాలి.
3. ఇంకో మాండరిన్ వద్దు. వంట ఒక్కడికే సరిపోతుంది.
4. కింది అర ఇకనుంచి పౌలమిది. నేను చేయి పెట్టాలన్నా తననడగాలి. (నిన్న అడిగాను. చేతులు కడుక్కున్నారా అంది. మూడు నీళ్లు అన్నాను. అయితే బాగా తుడుచుకుని రండి మా, ఒక్క చుక్క మంచినీళ్లున్నా రానివ్వను అంది.)